బరంపురంలో ఫ్రెండ్స్‌తో ఏషియన్ ఫ్యూజన్ భోజనం: అన్నీ నడుమ పెట్టుకుని తినడం ఎలా?

మనవాళ్లు ఆరుగురు కలిసి ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌కి వెళ్తే మామూలుగా జరిగేది ఇది. మెనూ చేతికొస్తుంది. రెండు పేజీలు తిప్పుతారు. పేర్లు నోరు తిరగవు. ఒకడు "నాకు చికెన్ ఫ్రైడ్ రైస్ చెప్పెయ్" అంటాడు. పక్కవాడు "నాకూ అదే" అంటాడు. చివరికి బల్ల మీద ఆరు ఫ్రైడ్ రైస్‌లు, ఒక చిల్లీ చికెన్. గేట్ బజార్‌లో బండి దగ్గర దొరికేదే, ఏసీ గదిలో నాలుగింతలు డబ్బిచ్చి తిని వస్తారు. ఇంట్లో "ఏటిరా, కొత్తగా ఏం తిన్నారు?" అంటే జవాబుండదు.

నేనూ రెండు మూడుసార్లు అలాగే తిని వచ్చాను. ఆ తర్వాత తెలిసింది, మార్చుకోవలసింది ఒక్కటేనని. ఎవరి ప్లేటు వాళ్లు చెప్పుకోవడం మానేసి, అన్నీ నడుమ పెట్టుకుని అందరూ తినాలి. ఆ వంటలు పుట్టిన ఊళ్లలో కూడా చాలామట్టుకు అలాగే తింటారు. కింద చెప్పేవన్నీ దానికోసం చేసుకోవలసిన ఏర్పాట్లే.

ముందు రోజు కుదుర్చుకోండి

ఇదేం పెద్ద పనా అనుకోకండి. బరంపురంలో ఇదే అసలు పని. మన బ్యాచుల్లో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కలిసే ఉంటారు. ఇద్దరికీ కార్తీకం ఉంది కానీ ఒకే రోజున మొదలవదు. ఒడియావాళ్లకు నెల పున్నమితో ముగుస్తుంది కాబట్టి వాళ్ల కార్తీకం కుమార పున్నమి (మన ఆశ్వయుజ పున్నమి) మర్నాడు మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. మనది దీపావళి అమావాస్య మర్నాడు మొదలై, ఆ పున్నమి దాటి ఇంకో పదిహేను రోజులు నడుస్తుంది. రెండూ కలిపితే నెలన్నర. అన్నాళ్లూ బ్యాచ్‌లో ఎవరో ఒకరు నీచు ముట్టరు.

అన్నిటికన్నా ఇరకాటం ఛాడఖాయి రోజు. కార్తీక పున్నమి మర్నాడు ఒడియా ఇళ్లలో మాంసం వండని ఇల్లుండదు. కార్తీకం చివర వచ్చే పంచుక అయిదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదని వాళ్ల సామెత. అంత నిష్ఠగా ఉన్నాక మర్నాడు వాళ్లు ఊరుకుంటారా? "ఇవాళ పార్టీ" అని ఫోన్ చేస్తారు. సోమవారాలు ఉపవాసం ఉంటున్న మన బావగారికి ఇంకా రెండు వారాలు మిగిలే ఉంటాయి. ఛాడఖాయి దాటితే ఒడియా ఆడపడుచులకు మార్గశిర గురువారాల మాణబసా, అంటే లక్ష్మీపూజ. ఆ రోజు వాళ్ల ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు.

కాబట్టి వాట్సాప్ గ్రూపులో "శనివారం ఓకేనా?" అని మాత్రమే అడిగితే సరిపోదు. "ఎవరెవరు వెజ్, ఎవరికి గుడ్డు పర్వాలేదు, ఎవరికి వేరుశనగ గానీ రొయ్య గానీ పడదు" అని అడగండి. ఇచ్ఛాపురం నుంచి బస్సులో వచ్చేవాళ్లుంటే ఏడింటికే కూర్చోండి. తొమ్మిదిన్నరకు మొదలుపెట్టారంటే వాళ్ల కన్ను ప్లేటు మీద కాదు, గడియారం మీద ఉంటుంది.

ఒక ఫోన్ చేయండి

బల్ల చెప్పి ఉంచడానికి ఎలాగూ ఫోన్ చేస్తారు కదా, ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. చివరి ఆర్డర్ ఎన్నింటికి తీసుకుంటారు? వెజ్‌కి వేరే కడాయి ఉందా? రెండోదానికి "హాఁ హాఁ, ఉంది" అని గబగబా అనేస్తే నమ్మకండి. "వెజ్ థాయ్ కర్రీ పేస్ట్ మీరే నూరుతారా, డబ్బాదా?" అని అడగండి. ఎందుకో కింద చెబుతాను.

మెనూని పేర్లతో కాదు, సాసులతో చదవండి

ఫ్యూజన్ అనగానే బెదరక్కర్లేదు. ఒక దేశపు వంటలో ఇంకో దేశపు రుచి కలపడమే. 1983లో వుల్ఫ్‌గ్యాంగ్ పక్ అనే వంటవాడు అమెరికాలోని శాంటా మోనికాలో ఫ్రెంచి, చైనా పద్ధతులు కలిపి ఒక రెస్టారెంట్ తెరిచాడు. ఈ తరహా హోటళ్లకు పెద్ద పేరు రావడానికి అదొక కారణం. మన దేశంలో దానికన్నా ముందే, 1975లో, ముంబైలో నెల్సన్ వాంగ్ చికెన్ మంచూరియన్ చేశాడంటారు. చైనాలోని మంచూరియాకు దానితో సంబంధం లేదు. పొద్దున్నే ఉప్మా మీద ఘుగుని (బఠాణీ కూర) పోసుకు తినే మన ఊరికి ఫ్యూజన్ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

మెనూలో వంద పేర్లుంటాయి. వాటి వెనక ఉండే సాసులు ఏడెనిమిదికి మించవు. అవి తెలిస్తే మెనూ తెలిసినట్టే.

సోయా సాస్ మీకు తెలుసు. అది సోయా గింజలు, గోధుమ పులియబెట్టి చేసిన ఉప్పు. అందుకే అది పడిన దాని మీద మళ్లీ ఉప్పు చల్లకండి. గోధుమ పడనివాళ్లకు అది పనికిరాదు. తెరియాకి అంటే అదే సోయా కాస్త తీపితో నిగనిగలాడుతూ ఉంటుంది. పిల్లలుంటే ఇది చెప్పండి, పేచీ ఉండదు.

గోచుజాంగ్ కొరియా వాళ్లది. ఎండుమిర్చి పొడి, జిగురు బియ్యం, సోయా కలిపి పులియబెట్టిన ముద్ద. మన కొరివికారంలో పులుపు తగ్గించి బెల్లం కలిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, దగ్గరకు వస్తుంది. ఎర్రగా భయపెడుతుంది కానీ గుంటూరు మిర్చికి అలవాటుపడ్డ నాలుకకు అదో లెక్క కాదు. శ్రీరాచా థాయ్‌లాండ్‌లోని ఒక ఊరి పేరుతో వచ్చిన మిర్చి-వెల్లుల్లి సాస్. అది పులుపూ కారమూ.

టామ్ యమ్ అని కనిపిస్తే చారు అనుకోండి. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రకం (అల్లం జాతి దుంప), ఒక రకం నిమ్మాకు వేసి కాచిన పుల్లటి కారపు చారు. అందులో తేలే పుల్లలు, చెక్కలు తినేవి కావు. మనం చారులో కరివేపాకు పక్కన పెట్టినట్టు పక్కన పెట్టేయండి. మా బావమరిది మొదటిసారి దుంపరాష్ట్రకం ముక్కని అల్లం అనుకుని నమిలాడు. చాలాసేపు పక్కవాళ్లతో మాట్లాడలేదు.

ఇక ఖావ్ స్వే. ఇది మీరు తప్పకుండా చెప్పాలి. బర్మావాళ్ల వంట. కొబ్బరిపాల పులుసులో నూడుల్స్ వేసి, పైన వేయించిన వెల్లుల్లి, ఉల్లికాడలు, వేరుశనగలు, ఉడికిన గుడ్డు చల్లుకుంటారు. గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం వెళ్లి పనిచేసిన తెలుగువాళ్లు గంజాం, శ్రీకాకుళం వైపు ఎందరో. మా ఇంట్లో పెద్దవాళ్లు రంగూన్ అనేవారు కాదు, రంగం అనేవారు. ఆ రంగం తిండి ఇవాళ "ఏషియన్" పేజీలో మూడొందల రూపాయల వంటగా కనబడుతుంటే నాకు కాస్త నవ్వొస్తుంది. అయినా చెప్పించుకుంటాను. పైన చల్లేవన్నీ చిన్న గిన్నెల్లో విడిగా తెమ్మనండి. గుడ్డు తిననివాళ్లు, వేరుశనగ పడనివాళ్లు వాటిని వదిలేసుకోవచ్చు. నడుమ పెట్టుకుని తినడానికి ఇంతకన్నా అనువైన వంట నాకు తెలియదు.

శాకాహారికి ఉచ్చులు ఎక్కడుంటాయంటే

ఒక కార్తీకంలో జరిగిన సంగతి. మాలో ఒకడు ఆ నెలంతా నీచు తినడు. మెనూలో ఆకుపచ్చ చుక్క చూసి వెజ్ థాయ్ రెడ్ కర్రీ చెప్పాం. రెండు గరిటెలు తిన్నాక వాడు ఆగాడు. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "ఒరే, ఇది సుఖువా వాసన రా" అన్నాడు. గోపాలపురం బజారులో ఎండుచేపల వరస మీదుగా నడిచిన ఎవడూ ఆ వాసన మర్చిపోడు. వెయిటర్ "లేదు సార్, ప్యూర్ వెజ్" అన్నాడు. నేను లేచి వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి పేస్ట్ డబ్బా చూపించమన్నాను. మూత కింద జిడ్డు వేలిముద్రలు, పక్కన చిన్న అక్షరాల్లో పదార్థాల జాబితా. నాలుగో మాటే రొయ్య. వంటవాడు కూడా నాతో పాటే మొదటిసారి చదివాడు. పాపం, అతను మోసం చేయలేదు. కూరలో ముక్కలు కూరగాయలే కాబట్టి వెజ్ అనుకున్నాడు. మావాడు మంచినీళ్లు తాగి కూర్చుండిపోయాడు. ఆ రాత్రి ఇంక ఎవరికీ తినాలనిపించలేదు.

అందుకని ఇవి గుర్తుపెట్టుకోండి. థాయ్ కర్రీ పేస్ట్‌లో చాలాసార్లు రొయ్యల ముద్ద ఉంటుంది. ఫిష్ సాస్ ఉప్పులో ఊరబెట్టిన చిన్న చేపల రసం. థాయ్, వియత్నాం వంటల్లో అది మన ఉప్పు డబ్బాలాంటిది, చెప్పకుండానే పడిపోతుంది. ఆయిస్టర్ సాస్ పేరులోనే ఉంది, ఆయిస్టర్ అంటే ఆల్చిప్పలోని జీవి. వెజ్ ఫ్రైడ్ వెజిటబుల్స్‌లో మెరుపు కోసం అదే పోస్తారు. మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద, ఆ సూప్‌కి అడుగున ఉండే నీళ్లు మామూలుగా పొగబెట్టి ఎండబెట్టిన చేప తరుగుతో కాస్తారు. కిమ్చీ చూడటానికి క్యాబేజీ పచ్చడే కానీ అసలు పద్ధతిలో ఉప్పురొయ్యలో ఫిష్ సాసో కలుపుతారు. హక్కా నూడుల్స్‌లో కొన్నిటిలో గుడ్డు ఉంటుంది.

వెయిటర్ కుర్రాడు ఒడియా అయితే ఇంగ్లీషులో "ఈజ్ దిస్ వెజ్?" అని అడక్కండి. ఎవరైనా ఎస్ అనే అంటారు. "భాయినా, ఎథిరె మాఛొ, చింగుడి కిఛి పొడిఛి కి?" అనండి. ఇందులో చేప గానీ రొయ్య గానీ ఏమన్నా పడిందా అని. అలా అడిగితే అతను తలూపకుండా లోపలికి వెళ్లి కనుక్కుని వస్తాడు. తేడా అంతా అక్కడే ఉంది.

అజినోమోటో గురించి ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచులోని ఆ రుచిని పట్టి ఉమామి అని పేరు పెట్టాడు. టమాటాలోనూ సహజంగా ఉండేదే. పడదనుకుంటే వేయొద్దని చెప్పండి, అక్కడితో వదిలేయండి. దాని మీద అరగంట వాదన అనవసరం.

ఆర్డర్ ఒకరే ఇవ్వాలి, రెండు విడతల్లో

ఆరుగురికి ఆరు వంటలు కాదు. మొదటి విడతలో సూప్ రెండు, వన్ బై త్రీ చేయమనండి. ఒక ప్లేట్ డంప్లింగ్స్ గానీ మోమోలు గానీ, ఒక వేపుడు. అంతే. అవి సగం అయ్యాక రెండో విడత చెప్పండి: ఒక నూడుల్స్, ఒక రైస్, రెండు గ్రేవీలు. గ్రేవీల్లో ఒకటి వెజ్ అయి తీరాలి, అదీ వెజ్ తినేవాళ్లే ఎంచుకోవాలి. మామూలు హోటల్లో నలుగురు నాన్‌వెజ్, ఇద్దరు వెజ్ అయితే ఆ ఇద్దరికీ పనీర్ ఒకటి పడేసి ఊరుకుంటారు. అలా చేయకండి. ఇక్కడ వెజ్‌లో మంచివి చాలా ఉన్నాయి. టోఫు, పుట్టగొడుగులు, వంకాయ. మిసో రాసి కాల్చిన వంకాయ దొరికితే మాంసం తినేవాళ్లే ముందు చెయ్యి పెడతారు.

రెండు గ్రేవీలూ ఒకే సాస్‌వి కాకుండా చూసుకోండి. కొబ్బరిపాలది ఒకటి, సోయాదో గోచుజాంగ్‌దో ఇంకొకటి. వేపుడు కరకరలాడేది అయితే డంప్లింగ్స్ ఆవిరివి చెప్పండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే బల్ల మీద ప్రతి గిన్నె వేరే రుచిలో ఉంటుంది. సాసుల సంగతి అంత సేపు చెప్పింది ఇందుకే.

ఆర్డర్ చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు కానక్కర్లేదు, అందరి మాటా వినేవాడు అయితే చాలు. మా బ్యాచ్‌లో ఆ పని మా ఒడియా స్నేహితుడి భార్యది. ఆవిడకి ఎవరు ఎంత తింటారో మాకన్నా బాగా తెలుసు.

మోమోల గురించి ఒక మాట. మోమోలో పనీర్ టిక్కా కూరి, పైన మయోనైజ్ పూసి ఫ్యూజన్ అంటారు కొన్నిచోట్ల. తినండి, తప్పేం లేదు. కానీ అసలు మోమో, తుక్పా (టిబెట్ వాళ్ల నూడుల్స్ సూప్) ఎలా ఉంటాయో తెలుసుకోవాలంటే చంద్రగిరి వెళ్లండి. గజపతి జిల్లాలో 1963 నుంచి టిబెట్ వాళ్ల శిబిరాలున్నాయి. 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ మఠం అక్కడే జిరాంగ్‌లో ఉంది. మఠం చూడటానికి వెళ్లినవాళ్లు చాలామంది ఫొటోలు దిగి వచ్చేస్తారు. అక్కడి చిన్న హోటల్లో కూర్చుని ఒక తుక్పా తాగి రండి. తర్వాత బరంపురంలో ఏది బాగుందో ఏది బాగులేదో మీకే తెలుస్తుంది.

సుషీ సంగతి. జపాన్ వాళ్లు పుల్లటి అన్నంతో, చాలాసార్లు పచ్చి చేప పెట్టి చేసేది. పక్కనే సముద్రం, చేప తాజాగా ఉంటుంది, పచ్చిగా తింటే ఏమవుతుంది అనుకోకండి. తాజాదనం వేరు, పచ్చిగా తినడానికి పనికిరావడం వేరు. పురుగులు చావడానికి మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార సంస్థ మార్గదర్శకం. ఆ చలి తొట్టె ఇక్కడ ఎవరి దగ్గర ఉందో నేను పోయి చూడలేను కాబట్టి, మన ఊళ్లో పచ్చి చేప సుషీ నేను చెప్పను. దోసకాయ, అవకాడో రోల్స్ గానీ, వేయించిన రొయ్యల రోల్స్ గానీ చాలు. కాలిఫోర్నియా రోల్‌లో ఉండే పీత చాలాచోట్ల పీత కాదు, తెల్ల చేప మాంసం ముద్ద చేసి రంగు వేసింది. ఉడికిందే కాబట్టి భయం లేదు.

పక్కన పచ్చగా ఉండలా పెట్టేది కొత్తిమీర పచ్చడి కాదు, వసాబి. నిజమైన వసాబి మహా ఖరీదు. అందుకని ఎక్కువచోట్ల ఇచ్చేది ముల్లంగి జాతి దుంప, ఆవపిండి, ఆకుపచ్చ రంగు కలిపిన ముద్ద. కొత్త ఆవకాయ కలిపిన రోజు ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కుతుంది చూడండి, అచ్చంగా అదే. ఆవగింజంత మాత్రమే తీసుకోండి.

చాప్‌స్టిక్స్ పట్టడం

రానివాళ్లు ఫోర్క్ అడగండి, సిగ్గేం లేదు. నేర్చుకోవాలనుంటే ఇలా. మొదటి పుల్లని బొటనవేలి మూలలో పెట్టి, రెండో కొస ఉంగరపువేలి పక్కన ఆనించండి. ఈ పుల్ల కదలదు. ఎంతకీ కదలదు. రెండో పుల్లని దాని పైన పెన్ను పట్టినట్టు పట్టండి, చూపుడువేలు, మధ్యవేలు, బొటనవేలితో. కదిలేది ఇదొక్కటే. రెండు కొసలూ సమంగా ఉండాలి, బల్ల మీద ఒకసారి టక్కున కొట్టి సరిచేసుకోండి. పట్టు మరీ కింద కాకుండా పుల్ల పైసగంలో ఉండాలి. అందరూ చేసే తప్పు రెండు పుల్లల్నీ కదపడం. అప్పుడవి కత్తెరలా ఒకదాని మీద ఒకటి ఎక్కి ముక్క జారిపోతుంది. ముందు రోజు ఇంట్లో ఉడకబెట్టిన వేరుశనగ కాయలతో పది నిమిషాలు ఆడితే చెయ్యి తిరుగుతుంది.

అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చి వదలకండి. జపాన్, చైనా వాళ్లకది చనిపోయినవాళ్ల దగ్గర అగరొత్తులు గుచ్చినట్టు. నడుమ గిన్నెలోంచి తీసుకోవడానికి వేరే గరిటె అడగండి. మనకీ ఎంగిలి పట్టింపు ఉంది కదా, ఇందులో కష్టం లేదు.

బిల్లు

మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. అంటే సీజీఎస్టీ రెండున్నర, ఎస్‌జీఎస్టీ రెండున్నర. పెద్ద హోటల్లోపల ఉన్న రెస్టారెంట్ అయితే, గది అద్దె రోజుకు 7,500 దాటే చోట, 18 శాతం కావచ్చు. ఆ సంగతి ముందే కనుక్కోండి.

సర్వీస్ ఛార్జి అని ఇంకో వరస కనిపిస్తే అది పన్ను కాదు. అడక్కుండా దాన్ని బిల్లులో కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. లెక్క చూడండి. తిండి 2,400 అయితే పన్నుతో 2,520. పది శాతం సర్వీస్ ఛార్జి వేస్తే 2,640 అవుతుంది, దాని మీద మళ్లీ పన్ను పడి 2,772. తేడా 252 రూపాయలు. తీసేయమని మర్యాదగా అడగండి, మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మిగిలిన డబ్బులోంచి వడ్డించిన కుర్రాడి చేతిలో ఓ నోటు పెట్టండి. అది నేరుగా అతనికే చేరుతుంది.

పంపకం బల్ల దగ్గరే తేల్చుకోండి. ఒకరు కట్టి, మిగతావాళ్లు అక్కడికక్కడే ఫోన్‌లో వేసేయాలి. "రేపు వేస్తాలే బావా" అన్నవాడు వేయగా నేను చూడలేదు. నడుమ పెట్టుకుని తిన్నారు కాబట్టి సమానంగా పంచడమే మేలు. వెజ్ తిన్నవాళ్లకు మాత్రం రొయ్యల ప్లేటు ఖరీదు తీసేసి లెక్క కట్టండి. వాళ్లు నోరు తెరిచి అడగరు, మీరే చేయాలి.

మిగిలింది కట్టించుకుంటారా? సుషీ వద్దు, అక్కడే అవగొట్టండి. ఖావ్ స్వే అయితే పులుసు ఒక డబ్బాలో, నూడుల్స్ ఇంకో డబ్బాలో కట్టమనండి. కలిపి కడితే ఇచ్ఛాపురం బస్సు దిగేసరికి నూడుల్స్ పులుసంతా పీల్చేసి ముద్దగా తేలుతాయి.